హోమ్‌కమింగ్ అంటే ఎవరింటికి రావడం? అమెరికా ఫ్రటర్నిటీల పూర్వ విద్యార్థుల పండగ వెనుక కథ

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణాల్లోని తెలుగు ఇళ్లలో ఏటా సెప్టెంబరు చివర ఒక చర్చ నడుస్తుంది. హైస్కూల్లో చదివే అమ్మాయి తనకు 'మమ్' కావాలంటుంది. మమ్ అంటే చేమంతి. ఒకప్పుడు టెక్సస్‌లో నిజమైన చేమంతిపువ్వునే దుస్తులకు తగిలించుకునేవారు. ఇప్పుడది గుడ్డతో చేసిన పెద్ద పువ్వు. దాని నుంచి పాదాల దాకా జారే రిబ్బన్లు, చిరుగంటలు, బుల్లి బొమ్మలు. అదే రోజుల్లో వేరే ఊళ్లో యూనివర్సిటీలో చదివే అన్నయ్య ఫోన్ చేసి, "ఈ శనివారం మాకు హోమ్‌కమింగ్, ఊళ్లో ఒక్క హోటల్ గది కూడా ఖాళీ లేదు" అంటాడు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మమ్మకు సందేహం వస్తుంది. ఇద్దరూ చెబుతున్నది ఒకే పండగ గురించా? స్నాతకోత్సవం లాంటిదా? చదువు అయిపోయినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు?

ఆ సందేహం సహజమే, ఎందుకంటే హోమ్‌కమింగ్ అనే ఒక్క మాట కింద అనేక వేడుకలు నడుస్తాయి. వాటిలో అందరికంటే ఎక్కువ సందడి చేసేవి, అందరికంటే ఎక్కువ విమర్శలు ఎదుర్కొనేవి ఫ్రటర్నిటీలు. అంటే గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకుని, చాలాచోట్ల ఒకే ఇంట్లో కలిసి బతికే విద్యార్థుల సంఘాలు.

ఒకే పేరు, వేరువేరు వేడుకలు

హోమ్‌కమింగ్ అంటే ఇంటికి తిరిగి రావడం. శరదృతువులో తమ మైదానంలో జరిగే ఒక ఫుట్‌బాల్ ఆటను ఎంచుకుని, ఆ వారాంతానికి కాలేజీ తన పూర్వ విద్యార్థులందరినీ ఆహ్వానిస్తుంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసినది కాదు, కోలగా ఉండే బంతితో ఆడే అమెరికన్ ఆట. ఊరేగింపు, విద్యార్థుల్లోంచి రాజు రాణుల ఎంపిక, ఆటకు ముందు విందులు ఆ వారాంతంలో భాగం. ఇది కాలేజీల్లో పుట్టి తర్వాత హైస్కూళ్లకు పాకింది. హైస్కూళ్లలో ఆటతో పాటు శనివారం రాత్రి డాన్సు ముఖ్యమైంది. టెక్సస్ చేమంతి ఆ పాఠశాలల సంప్రదాయమే.

రీయూనియన్ వేరు. అది బ్యాచ్‌ల వారీగా, సాధారణంగా అయిదేళ్లకోసారి, ఎక్కువ చోట్ల వసంతం చివర జరుగుతుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో మే నెలాఖరున జరిగే ఊరేగింపు దీనికి పేరుపొందిన ఉదాహరణ. పాతికేళ్లు నిండిన బ్యాచ్ ముందు నడుస్తుంది. వారి వెనుక అత్యంత వృద్ధులు, ఆ తర్వాత వయసు తగ్గే క్రమంలో ఒక్కో బ్యాచ్. నారింజ, నలుపు రంగుల కోట్లు వేసుకుని దారి పక్కన నిలబడిన చిన్నవారు, పెద్దలు దాటేదాకా కేకలతో ఉత్సాహపరిచి తమ వంతు రాగానే వెనుక చేరతారు.

మూడోది ఫౌండర్స్ డే, అంటే ఒక ఫ్రటర్నిటీ తన స్థాపన దినాన్ని జరుపుకోవడం. 1999లో డిగ్రీ పూర్తిచేసిన ఒక ఫ్రటర్నిటీ సభ్యుణ్ణి ఊహించుకుందాం. 2024లో పాతికేళ్ల రీయూనియన్‌కు వెళితే అతనికి ఎదురయ్యేది తన ఈడువారే. ఫౌండర్స్ డే విందు అతను ఇప్పుడుంటున్న నగరంలోనే జరగవచ్చు. అక్కడ కలిసేవారు అదే ఫ్రటర్నిటీకి చెందినవారే అయినా వేరువేరు కాలేజీల వారు కావచ్చు. హోమ్‌కమింగ్‌కు వెళితే మాత్రం తాను పడుకున్న గదిలో ఇప్పుడు పడుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు తలుపు తీస్తాడు.

ఆట కోసం వేసిన పిలుపు

మొదటి హోమ్‌కమింగ్ మాదే అని చాలా కాలేజీలు చెప్పుకుంటాయి. టెక్సస్‌లోని బేలర్ యూనివర్సిటీ 1909 నవంబరు అంటుంది. ఇల్లినాయ్ యూనివర్సిటీ 1910 అక్టోబరు అంటుంది. అక్కడ ఇద్దరు విద్యార్థులకు వచ్చిన ఆలోచన అది, ఆ ఆటలో షికాగోపై 3-0తో గెలిచారు కూడా. అందరికంటే ఎక్కువ ప్రచారం పొందింది మిజోరీ యూనివర్సిటీ, 1911.

మిజోరీ కథలో కారణం స్పష్టంగా కనిపిస్తుంది. మిజోరీ, కాన్సస్ జట్ల పోటీ అంతకుముందు కాన్సస్ సిటీ అనే పెద్ద నగరంలో జరిగేది. ఆటలు కాలేజీ ప్రాంగణాల్లోనే జరగాలని కొత్త నిబంధన వచ్చింది. మిజోరీ యూనివర్సిటీ ఉన్న చిన్న ఊరైన కొలంబియాకు జనం వస్తారా అన్న బెంగతో క్రీడల డైరెక్టర్ చెస్టర్ బ్రూవర్ పూర్వ విద్యార్థులకు 'ఇంటికి రండి' అని పిలుపునిచ్చారు. 9 వేలకు పైగా జనం వచ్చారు. ఆట 3-3తో సమమైంది.

ఎవరు మొదలన్న తగాదా నాకు అంత ముఖ్యంగా తోచదు. మూడేళ్ల వ్యవధిలో, ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్ల ఇదే ఆలోచన పుట్టడమే గమనించదగిన సంగతి. కాలేజీలకు ప్రేక్షకులు, దాతలు కావలసి వచ్చారు. చదువుకుని వెళ్లినవారికి తిరిగి రావడానికి ఒక సాకు కావలసి వచ్చింది. ఇంతకీ వచ్చినవారు దిగడానికి ఊళ్లో ఎవరిల్లు ఉంది? ఫ్రటర్నిటీలు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే.

ఫ్రటర్నిటీ అంటే హాస్టల్ కాదు

లాటిన్‌లో సోదరుడు అనే మాట నుంచి వచ్చింది ఫ్రటర్నిటీ. అమ్మాయిల సంఘాన్ని సొరోరిటీ అంటారు. మొదటి గ్రీకు అక్షరాల సంఘం 'ఫై బీటా కప్పా' 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఆ మూడు అక్షరాలు 'జీవితానికి మార్గదర్శి జ్ఞానప్రేమే' అన్న అర్థమిచ్చే గ్రీకు వాక్యానికి పొడి అక్షరాలు. కాలక్రమంలో అది ప్రతిభావంతులను గౌరవించే సంస్థగా మారింది. ఈనాటి సామాజిక ఫ్రటర్నిటీలకు పునాది పడింది న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో. 1825లో కప్పా ఆల్ఫా సొసైటీ, 1827లో మరో రెండు సంఘాలు అక్కడ మొదలయ్యాయి.

అందువల్ల గ్రీకు అక్షరాలు కనబడినంత మాత్రాన అన్నీ ఒకటే కావు. మార్కులను బట్టి చేర్చుకునే గౌరవ సంఘాలు వేరు, ఒకే వృత్తివిద్య చదివేవారి సంఘాలు వేరు, కలిసి బతకడం కోసం ఏర్పడిన సామాజిక సంఘాలు వేరు. ఈ వ్యాసం చివరి రకం గురించి. వీటిలో ప్రధానంగా చేరేది డిగ్రీ విద్యార్థులు. ఇక్కడి నుంచి ఎమ్మెస్ చదవడానికి వెళ్లే మన పిల్లలకు వీటితో పరిచయం తక్కువగా ఉండటానికి కారణం అదే. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లల సంగతి వేరు.

చేరదలచినవారిని సభ్యులు ఎంచుకుంటారు, కొన్ని వారాల శిక్షణ తర్వాత రహస్య దీక్ష ఇస్తారు. కాలేజీ వదిలినా సభ్యత్వం పోదు. ప్రతి కొత్త సభ్యుడికి ఒక పెద్దన్నను జత చేస్తారు. ఆ పెద్దన్నకు మరో పెద్దన్న. అలా రాసుకుంటూ పోతే అచ్చం వంశవృక్షం తయారవుతుంది. నిజంగానే దాన్ని 'కుటుంబ వృక్షం' అనే పిలుస్తారు.

శనివారానికి ముందు, శనివారం నాడు

ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ ఉన్న స్టిల్‌వాటర్ ఊళ్లో ఫ్రటర్నిటీ, సొరోరిటీ ఇళ్ల ముంగిళ్లలో భారీ అలంకారాలు నిలబెడతారు. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలను చట్రానికి బిగించి, ఒక్కో కన్నంలో ఒక్కో పలుచని రంగుకాగితపు ముక్కను దోపుతారు. ఈ పనికి 'పాంపింగ్' అని పేరు. వారాల తరబడి, అర్ధరాత్రి దాకా, చేతివేళ్లు నొప్పి పుట్టేలా సాగే పని అది. చివరకు రెండంతస్తుల ఎత్తున బొమ్మలు లేస్తాయి. ఆట అయ్యాక వాటిని విప్పేస్తారు. వినాయక చవితి పందిళ్ల కోసం రాత్రులు మేల్కొన్న వీధి కుర్రాళ్లకు ఈ శ్రమలోని ఆనందం చెప్పకుండానే అర్థమవుతుంది. మిజోరీలో ఇలాంటి అలంకారాలతో పాటు పెద్దయెత్తున రక్తదాన శిబిరం కూడా హోమ్‌కమింగ్‌లో భాగం.

శనివారం ఉదయం 'టెయిల్‌గేట్'. అంటే వాహనం వెనుక తలుపు. స్టేడియం దగ్గర బండి ఆపి, ఆ తలుపు దించి, అక్కడే పొయ్యి వెలిగించి మాంసం కాల్చుకుని తినడంతో దానికా పేరు వచ్చింది. ఫ్రటర్నిటీలకైతే అదే విందు ఇంటి ముంగిట్లో జరుగుతుంది. పిల్లలను ఎత్తుకుని ముప్పై ఏళ్లవారు వస్తారు, చేతికర్రతో డెబ్బై ఏళ్లవారు వస్తారు.

లోపల గోడల మీద ప్రతి ఏటి సభ్యుల చిత్రపటం ఉంటుంది. చిన్న చిన్న గుండ్రటి చట్రాల్లో ఒక్కొక్కరి ముఖం, కింద పేరు. దీన్ని 'కాంపోజిట్' అంటారు. తిరిగి వచ్చినవారు ముందు ఆ గోడ దగ్గరకు వెళతారు. తన ముఖాన్ని వెతుక్కుంటారు, తర్వాత తన పెద్దన్నను, ఆ తర్వాత ఇక లేనివారిని. వెనుక నిలబడిన కుర్రవాడికి ఒక్కొక్కరి కథా చెబుతారు. ఈ మొత్తం వేడుకలో నా మనసు నిలిచిపోయేది ఆ గోడ దగ్గరే.

ఇల్లు లేనివారి ఇల్లు

ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా చాలా జాతీయ ఫ్రటర్నిటీలు తెల్లవారిని మాత్రమే చేర్చుకునేవి. ఆ నిబంధన రాతలోనే ఉండేది. కార్నెల్ యూనివర్సిటీలోని ఏడుగురు నల్లజాతి విద్యార్థులు 1906 డిసెంబరు 4న 'ఆల్ఫా ఫై ఆల్ఫా' స్థాపించారు. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అందులో సభ్యుడు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో పుట్టిన 'ఆల్ఫా కప్పా ఆల్ఫా' సొరోరిటీలో కమలా హారిస్ సభ్యురాలు. ఇలాంటి తొమ్మిది సంఘాలను కలిపి 'డివైన్ నైన్' అంటారు.

వీరికి చాలాచోట్ల సొంత ఇళ్లు లేవు. నల్లజాతివారి చారిత్రక కాలేజీల్లో 'యార్డ్' అని పిలుచుకునే ప్రాంగణ మధ్యభాగంలో ఒక్కో సంఘానికి కొంత జాగా, ఒక చెట్టో బల్లో తమ రంగులు పూసిన రాళ్లో ఉంటాయి. దాన్నే 'ప్లాట్' అంటారు. హోమ్‌కమింగ్ నాడు మూడు తరాలవారు అక్కడే చేరతారు. పాదాల చప్పుడు, చప్పట్లు, కేకలతో లయబద్ధంగా చేసే 'స్టెప్' ప్రదర్శన వారి ప్రత్యేకత. చెక్కభజన చూసినవారికి ఆ లయ పరాయిదిగా అనిపించదు. ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఈ సంఘాల్లో డిగ్రీ అయ్యాక కూడా చేరవచ్చు, నగరాల్లోని పెద్దల శాఖలు జీవితాంతం పనిచేస్తాయి. అందుకే వీరికి హోమ్‌కమింగ్ పాత జ్ఞాపకాల వారాంతమే కాదు, ఏడాది పొడవునా సాగే అనుబంధంలో ఒక పెద్ద రోజు.

దక్షిణాసియా మూలాలున్న విద్యార్థులు 1990లలో ఇదే దారి పట్టారు. 1994లో బింగ్‌హామ్‌టన్‌లో అయోటా నూ డెల్టా, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, అదే ఏడాది హ్యూస్టన్‌లో అమ్మాయిల కోసం డెల్టా ఫై ఒమేగా, 1999లో లాస్ ఏంజెలెస్‌లో బీటా కై థీటా మొదలయ్యాయి. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకు ఫ్రటర్నిటీతో పరిచయం ఇలాంటి సంఘాల ద్వారా కూడా కలుగుతుంది.

ఇంటి తాళం ఎవరి చేతిలో?

ఇక చిక్కుముడి దగ్గరకు వద్దాం. ఇంట్లో ఉండేది విద్యార్థులు. కానీ చాలాచోట్ల ఇంటి యజమాని పూర్వ విద్యార్థులు నడిపే ఒక సంస్థ. దాన్ని హౌస్ కార్పొరేషన్ అంటారు. హోమ్‌కమింగ్‌కు వచ్చేవారిలో కొందరు అతిథులు కారు, ఇంటివారే.

లెక్క కోసం 40 పడకలున్న ఇంటిని ఊహించుకుందాం. విద్యార్థి నెలకు 800 డాలర్ల చొప్పున 9 నెలలు అద్దె ఇస్తే ఏడాదికి 7,200. నలభై మందీ ఉంటే 2,88,000 డాలర్లు. దాంతో బ్యాంకు అప్పు, బీమా, మరమ్మతులు గడవాలి. ఒక ఏడాది 12 పడకలు ఖాళీగా ఉంటే 86,400 డాలర్లు తగ్గుతాయి, అప్పు వాయిదా మాత్రం తగ్గదు. ఆ లోటు పూడ్చేది హోమ్‌కమింగ్ విందులో చెక్కు రాసే అరవై ఏళ్ల పెద్దమనిషి. అందుకే ఆ రోజు కుర్రాళ్లు ఇల్లు అద్దంలా తుడిచి, కొత్త సభ్యులను వరుసగా పరిచయం చేస్తారు.

పన్ను చట్టం ఇక్కడ ఒక గీత గీస్తుంది. ఫ్రటర్నిటీ చట్టం దృష్టిలో ఒక సామాజిక క్లబ్బు. దానికిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు లేదు. అందుకని చాలా ఫ్రటర్నిటీలు పక్కనే ఒక విద్యా ఫౌండేషన్ పెట్టుకున్నాయి. 24 శాతం పన్ను పరిధిలో ఉండి, తన మినహాయింపులను విడివిడిగా చూపే దాత 1,000 డాలర్లు ఫౌండేషన్‌కు ఇస్తే 240 డాలర్ల దాకా పన్ను తగ్గవచ్చు. అదే సొమ్ము ఇంటి పైకప్పు కోసం హౌస్ కార్పొరేషన్‌కు ఇస్తే ఏమీ తగ్గదు. ఫౌండేషన్ డబ్బును ఉపకారవేతనాలు, చదువుకు సంబంధించిన పనులకే వాడాలి. విందుకు వాడకూడదు. హోమ్‌కమింగ్‌లో ఒకే బల్ల మీద రెండు వేరువేరు విరాళపత్రాలు కనిపించడానికి కారణం ఇదే.

బంధం బలమే, భారం కూడా

2017లో పెన్‌సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఒక ఫ్రటర్నిటీలో చేరిన రాత్రే 19 ఏళ్ల విద్యార్థి చేత విపరీతంగా మద్యం తాగించారు. అతను మెట్ల మీద నుంచి పడినా గంటల తరబడి వైద్యసహాయం కోసం పిలవలేదు. ఆ బిడ్డ చనిపోయాడు. ఇలాంటి చేర్పు హింసను అక్కడ 'హేజింగ్' అంటారు, మన ర్యాగింగ్‌కు దగ్గరి మాట. కాకపోతే ర్యాగింగ్ తప్పించుకోలేనిది, హేజింగ్ సంఘంలో చేరడానికి చెల్లించే మూల్యంగా వస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం, కాలేజీలు హేజింగ్ ఘటనల వివరాలను బహిరంగంగా ప్రకటించాలని ఆదేశించింది. అంతకుముందే ఫ్రటర్నిటీల సమాఖ్య 15 శాతానికి మించిన ఘాటు మద్యాన్ని 2019 సెప్టెంబరు నుంచి ఇళ్లలో నిషేధించింది. లైసెన్సున్న బయటి విక్రేత పోస్తే తప్ప. మద్యానికి చట్టబద్ధ వయసు 21 కాబట్టి, యాభై ఏళ్లవారు, పందొమ్మిదేళ్లవారు కలిసే హోమ్‌కమింగ్ విందు ఈ నిబంధనలకు కఠినమైన పరీక్ష.

విమర్శకుల వాదన ఇది: మా కాలంలో మేమూ పడ్డామని చెప్పే పెద్దలే ఈ ఆచారాన్ని నిలబెడుతున్నారు, కాలేజీ చర్య తీసుకోబోతే విరాళాల పేరుతో ఒత్తిడి తెస్తున్నారు, పైగా ఇవి సంపన్నుల పరిచయాలను సంపన్నుల మధ్యే తిప్పే వలయాలు. విలియమ్స్ కాలేజీ 1962లోనే ఫ్రటర్నిటీలను తొలగించే నిర్ణయం తీసుకుంది. ఆడవారికో మగవారికో మాత్రమే పరిమితమైన క్లబ్బుల సభ్యులపై హార్వర్డ్ 2016లో ఆంక్షలు ప్రకటించి, కోర్టు వివాదాల తర్వాత 2020లో వెనక్కి తీసుకుంది.

సమర్థకుల వాదననూ తేలిగ్గా తోసిపుచ్చలేం. వేలమంది మధ్య ఒంటరైన పిల్లవాడికి నలభై మంది ఆత్మీయులు దొరుకుతారు. బాధ్యతగల పెద్దలు తరచూ ఇంటికి వచ్చిపోతూ ఉంటే దుశ్చర్యలు తగ్గుతాయి. ఇల్లు మూసేస్తే సంఘం చావదు, కాలేజీ కంటికి దూరంగా బయటి అద్దె ఇళ్లలోకి వెళుతుంది.

ఫ్రటర్నిటీలకు పుట్టిల్లయిన యూనియన్ కాలేజీ ఆర్థికవేత్తలే చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల వివరాలను పరిశీలిస్తే, సభ్యత్వం వల్ల నాలుగు పాయింట్లకు లెక్కించే మార్కుల సగటు సుమారు పావు పాయింటు తగ్గి, తర్వాతి ఆదాయం సుమారు 36 శాతం పెరిగినట్టు తేలింది. ఇరుపక్షాలూ దీన్నే తమకు రుజువుగా చూపగలవు. పరిచయాలు మనిషిని నిలబెడతాయని ఒకరంటారు. చదువును ఓడించి పరిచయాలు గెలుస్తున్నాయని మరొకరంటారు. నాకు రెండోది ఎక్కువ బాధ కలిగిస్తుంది. అయితే ఒకే కాలేజీ లెక్కతో దేశమంతటి సంగతీ తేల్చలేం.

హాజరు

మన దగ్గర పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు దాదాపు ఎప్పుడూ బ్యాచ్‌లవే. పదో తరగతి ఒకే ఏడాది రాసినవారు పాతికేళ్లకు కలిసి, గురువులకు శాలువా కప్పి సత్కరిస్తారు. బంధం అడ్డంగా, ఒకే వయసువారి మధ్య సాగుతుంది. ఫ్రటర్నిటీలో అది నిలువుగా, తాత నుంచి మనవడిదాకా దిగుతుంది. సముద్రం దాటాక మన సంఘాలూ కొంత ఆ దారిలోకి వచ్చాయి. గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడిన డాక్టర్ల సంఘం జింకానా బ్యాచ్‌లన్నిటినీ కలుపుకుని గుంటూరు ప్రభుత్వాసుపత్రి భవనాలకు విరాళాలిచ్చింది. తానా, ఆటా మహాసభల్లో కాలేజీల వారీగా జరిగే సమావేశాల్లోనూ తండ్రి వయసువారు, కొడుకు వయసువారు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

ఈ రెండు పద్ధతులూ ఒకచోట కలుస్తాయి. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పూర్వ విద్యార్థులు ప్రపంచంలో ఎక్కడున్నా ఏప్రిల్ 21న సమావేశమవుతారు. దాన్ని 'మస్టర్' అంటారు. 1942లో ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడార్ దీవిలో, జపాన్ సైన్యం ముట్టడిలో ఉండి కూడా కొందరు ఆ రోజును గుర్తుచేసుకున్నారు. ఏటా జరిగే మస్టర్ సభలో, గడిచిన ఏడాది మరణించినవారి పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తారు. పేరు వినగానే ఆ మనిషి తాలూకు వారెవరో లేచి 'హియర్' అని బదులిచ్చి, కొవ్వొత్తి వెలిగిస్తారు. మన సమ్మేళనాల్లో కొన్నిచోట్ల పాత తరగతి గదిలో బల్లల మీద కూర్చున్న యాభై ఏళ్లవారికి వృద్ధుడైన మాస్టారు మళ్లీ హాజరు వేస్తారు. "ప్రెజెంట్ సార్" అంటూ నవ్వుతూ లేస్తారు. మధ్యలో ఒక పేరుకు ఎవరూ లేవరు. మాస్టారు పుస్తకంలోంచి తలెత్తి చూస్తారు, గది నిశ్శబ్దమవుతుంది, అందరూ లేచి నిలబడతారు.